మూడంతస్తుల ఆకాశహర్మ్యం

కళ్ళజోళ్ళాయనకి ఓ పట్టాన కోపం రాదు. రోజంతా కొట్లో కూర్చుని, ఎదుటివాళ్ళ ముక్కుమీద ఫ్రేము సర్దుతూ, "ఇప్పుడు కనిపిస్తోందా? పోనీ, ఇప్పుడో?" అని అడుగుతూ బతికే మనిషికి ఓపిక దానంతటదే అబ్బుతుంది. అలాంటివాడికి కూడా అరికాలి మంట నెత్తికెక్కించగలిగినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాడు ఆయన బావమరిది.

బావమరిది కాపురం మహానగరంలో, ముప్ఫై ఒకటో అంతస్తులో. ఆదివారం పొద్దున్నే అక్కకి ఫోన్ చేస్తాడు. కుశలప్రశ్నలు నాలుగు ముక్కల్లో తేల్చేసి, "ఏదీ, బావకివ్వు" అంటాడు. అసలు బాధ అక్కణ్ణించి మొదలవుతుంది.

"బావా, ఇవాళ కిటికీ తెరిస్తే ఏమొచ్చిందో చెప్పుకో."

"దోమ వచ్చుంటుంది."

"మబ్బు బావా, మబ్బు! నాకంటే ముందే సోఫాలో చేరగిలబడింది. ఎంతైనా ఆకాశహర్మ్యం కదా! మీ మేడలోకైతే దోమే వస్తుందిలే."

ఆ 'మేడ' అన్న మాటని వాడు చీపురుపుల్ల తీసి పక్కన పెట్టినట్టు అన్నాడు. ఆ పూట కళ్ళజోళ్ళాయనకి ఎందుకో ఒళ్ళు మండింది.

"మాదీ ఆకాశహర్మ్యమే," అన్నాడు.

అవతల బావమరిది గొంతు సవరించుకున్నాడు. "ఎన్నంతస్తులు బావా?"

"లెక్కపెట్టలేదు."

"అయితే వచ్చి నేనే లెక్కపెడతా. ఎలాగూ అక్కని చూసి చాలా రోజులైంది. వచ్చే నెల వస్తున్నా," అని ఫోన్ పెట్టేశాడు.

ఉల్లిపాయలు తరుగుతున్న భార్య కత్తి పక్కన పెట్టి మొగుడి వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు ఉల్లిపాయలవో, మరి నవ్వువో. "మూడండీ," అంది. "లెక్కపెట్టడానికి రెండో చెయ్యి కూడా అక్కర్లేదు."

నిజమే. మూడంటే మూడే అంతస్తులు. కింద సంగీతం మాస్టారు, నడిమి అంతస్తు ఇంటి ఓనరు సామాన్లతో నిండిపోయి తాళం వేసి ఉంటుంది, పైన వీళ్ళు. ఆ పైన డాబా, బట్టలారేసుకునే తీగలు, మూత సరిగ్గా పడని నీళ్ళ ట్యాంకు. వీధిలోకి దిగి నిలబడితే డాబా మీద ఎవరు తుమ్మారో పోల్చుకోవచ్చు.

"వాడు వచ్చేలోపు ఒక బోర్డు పెట్టిస్తాను," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"బోర్డు పెడితే ఇల్లు పెరుగుతుందా?"

"ఇల్లు పెరగక్కర్లేదే. మాట ఉంటే చాలు."

బోర్డులు రాసే పెయింటరు విషయం విని గడ్డం గోక్కున్నాడు. "రాస్తానండీ. రాయడానికేం. కానీ ఆ చివరి అక్షరం ఉంది చూశారూ, పైన ర, దాని కింద మ, దాని కింద య. ఆ అక్షరమొక్కటే మూడంతస్తులుంది. చిన్న బోర్డు మీద పట్టదు. పైగా పెద్ద మాటలకి పేర్ల ఆఫీసరు పర్మిషన్ కావాలి."

పేర్ల ఆఫీసరంటే ఆ ఊరివాళ్ళకి హడల్. బోర్డు మీద ఉన్న మాటా బోర్డు కింద ఉన్న వస్తువూ ఒకటేనా కాదా అని చూడటం ఆయన ఉద్యోగం. 'జుట్టు మహల్' అని రాసుకున్న మంగలి చేత ఇంకో గది కట్టించాడు. 'నిత్య నూతన వస్త్రాలయం'లో పాత స్టాకు కనబడితే 'అప్పుడప్పుడు' అని రాయించాడు. లంచం ఎరగని మనిషి. లంచం తినేవాడైతే బాగుండునని ఊరంతా మొక్కుకునేది.

కళ్ళజోళ్ళాయన వెళ్ళేసరికి ఆఫీసరు ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా కూర్చుని ఉన్నాడు. ఆయన టేబులుకి ఒక కాలు పొట్టి. దాని కింద నిఘంటువు పెట్టమని ప్యూను సలహా ఇచ్చాడట. పుస్తకానికి అపచారమని ఆయన తన బూటే పెట్టేశాడు.

"హర్మ్యం అంటే ఏమిటో తెలుసా మీకు?" అని అడిగాడు ఆఫీసరు.

"ఆకాశహర్మ్యంలో రెండో సగమండీ."

ఆఫీసరు నిఘంటువు తిరగేశాడు. "హర్మ్యం అంటే గొప్పవాళ్ళుండే మేడ. మీరు గొప్పవాళ్ళేనా?"

"మా ఆవిణ్ణి అడగాలండీ."

"వద్దులెండి, ఆ ముక్క వదిలేద్దాం. ఇక ఆకాశహర్మ్యం. అంటే ఆకాశాన్ని అంటుకునేది. మీ మేడ అంటుకుంటుందా?"

"రామ రామ! అవేం మాటలండీ! గ్యాసు సిలిండరు కూడా దూరంగా పెట్టుకున్నాం."

"ఆ అంటుకోవడం కాదు, తగలడం. ఆకాశానికి తగులుతుందా అని."

"ఎప్పుడూ గమనించలేదండీ."

"అయితే నేనొచ్చి చూడాలి," అంటూ ఆఫీసరు టేబులు కింద నుంచి బూటు లాక్కున్నాడు. టేబులు ఒక పక్కకి ఒరిగింది. సిరాబుడ్డిని ప్యూను అలవాటుగా పట్టుకున్నాడు.

డాబా మీద కళ్ళజోళ్ళాయన భార్య దుప్పట్లు ఆరేస్తోంది. ఆఫీసరు ఆవిడకి నమస్కారం పెట్టి, స్టూలడిగి, ఎక్కి, మునివేళ్ళ మీద లేచి, చెయ్యి సాచాడు. వేళ్ళు ఆడించాడు. "తగలడం లేదు," అన్నాడు బాధగా. ఆయనకి నిజంగానే బాధ కలిగింది. పర్మిషన్ ఇవ్వకపోవడం ఆయన సరదా కాదు.

కళ్ళజోళ్ళాయన తన కొట్టు పద్ధతిలోకి దిగాడు. "సార్, ఆకాశం ఎక్కడుందో కాస్త చూపిస్తారా?"

"పైన."

"ఎంత పైన? చెయ్యి పెట్టి చూపించండి. తల మీద ఉన్నది ఆకాశమేనా?"

"ఆకాశమే."

"కాస్త దించండి. ఇప్పుడో? గడ్డం దగ్గర?"

ఆఫీసరు చెయ్యి గడ్డం దాకా దించి ఆలోచించాడు. నుదుటి దగ్గర ఆకాశమై గడ్డం దగ్గర కాకుండా పోవడానికి మధ్యలో గీతేమీ కనబడలేదు. స్టూలు దిగాడు. మోకాళ్ళ దాకా దించాడు. అక్కడా అదే. డాబా మీద బోర్లా పడుకుని, చెయ్యి పిట్టగోడ కన్నంలోంచి కిందికి వేలాడేసి చూశాడు. తర్వాత లేచి, పొట్ట మీది దుమ్మైనా దులుపుకోకుండా, మెట్టు మెట్టుకీ ఆగి అరచెయ్యి చాపుకుంటూ దిగడం మొదలుపెట్టాడు. వెనకాలే కళ్ళజోళ్ళాయన, "ఇక్కడో సార్? పోనీ, ఇక్కడో?" అంటూ దిగాడు.

అలా దిగి దిగి వీధిలోకొచ్చి, ఆఫీసరు నడిరోడ్డు మీద గొంతుక్కూర్చున్నాడు. ఆయన అరచెయ్యి నేలకి వేలెడు ఎత్తున ఆగిపోయింది. సైకిలు మీద పోతున్నవాళ్ళు దిగి నిలబడ్డారు.

"ఇక్కణ్ణించే," అన్నాడు ఆఫీసరు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఇన్నేళ్ళూ మనం ఆకాశంలోనే తిరుగుతున్నామండీ. నాకెవరూ చెప్పలేదు."

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. నేల మీద లేచి, పైన కప్పున్న ప్రతిదీ ఆకాశాన్ని అంటుతోంది కనక, ప్రతిదీ ఆకాశహర్మ్యమే. ఆఫీసరు సగంలో ఆగే మనిషి కాదు. ఆకాశహర్మ్యమై ఉండి ఆ సంగతి రాసుకోకపోతే అది అబద్ధం కింద లెక్క అని కూడా తేల్చాడు. బోర్డు అందరూ పెట్టి తీరాల్సిందే.

కళ్ళజోళ్ళాయన సంతోషం ఒక పూట నిలిచింది. సాయంత్రం కొట్టు కట్టేసి వస్తుంటే పెయింటరు టీ బంకు మీద అదే మాట రాస్తున్నాడు. దాని పక్కన చెప్పులు కుట్టే షెడ్డు మీద రంగు ఇంకా తడిగా ఉంది. మలుపులో ఎవరిదో కోళ్ళ గూడు. దాని మీద చోటు చాలక మాటని రెండు వరసల్లో ఇరికించారు. పైన 'ఆకాశ', కింద 'హర్మ్యం'. కింది వరస మీద ఒక పెట్ట కూర్చుని ఉంది.

"ఇదేంటయ్యా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"మీ పుణ్యమే," అన్నాడు పెయింటరు, కుంచె దులుపుతూ. "నిద్రలో కూడా ర కింద మ, మ కింద య రాస్తున్నా."

అక్కడితో ఆగలేదు. ఆకాశహర్మ్యాలకి ఏవో పాత రూల్సున్నాయి. విమానాలు గుద్దుకోకుండా నెత్తి మీద ఎర్ర దీపం ఉండాలి. దాంతో పొద్దువాలేసరికి టీ బంకు మీదా, టెలిఫోన్ బూత్ మీదా, కోళ్ళ గూటి మీదా ఎర్ర దీపాలు వెలిగాయి. తెల్లవారిందో లేదో తెలియక కోళ్ళు ఏ వేళప్పుడు పడితే ఆ వేళప్పుడు కూశాయి. ఆకాశహర్మ్యాలకి ఫైరింజను వాళ్ళు పొడవాటి నిచ్చెన వేసి డ్రిల్లు చెయ్యాలి. వాళ్ళు వచ్చి టీ బంకుకి నిచ్చెన వేస్తే, అది బంకు దాటి, రోడ్డు దాటి, అవతలి వైపు పళ్ళ దుకాణంలో బత్తాయిల మీద వాలింది. ఫైరింజన్ పెద్దాయన నిచ్చెనెక్కి ముక్కుతూ మూలుగుతూ అవతలికి పోయి దిగి, అరటిపళ్ళు కొనుక్కుని, మళ్ళీ నిచ్చెన మీదుగానే వెనక్కొచ్చాడు. డ్రిల్లు పూర్తయిందని సంతకం పెట్టాడు.

అందరికంటే పాపం సంగీతం మాస్టారు. ముప్ఫై ఏళ్ళుగా నేలమీది వాటాలో ఉంటున్న మనిషి. గుమ్మం పైన బోర్డు పడ్డాక ఆయనకి కళ్ళు తిరగడం మొదలైంది. కిటికీ దగ్గరికి రావడం మానేశాడు. వీధిలోకి దిగడానికున్న రెండు మెట్లూ గోడ పట్టుకుని, కళ్ళు మూసుకుని దిగేవాడు.

"మాస్టారూ, మీది కింది వాటా అండీ," అని కళ్ళజోళ్ళాయన భార్య నచ్చజెప్పబోయింది.

"తెలుసమ్మా. కింద ఉంటేనే ఇలా ఉంది. పైన మీరెలా ఉంటున్నారో తల్లీ!" అన్నాడాయన.

ఊళ్ళో నిజంగా ఎత్తయిన భవనం ఒకటుంది. పార్కు ఎదురుగా, ఏడంతస్తులు, లిఫ్టు కూడా ఉంది. పై అంతస్తులో పళ్ళ డాక్టరు. ఇదివరకు ఆయన ఫోన్లో, "పార్కు దగ్గర ఆకాశహర్మ్యం" అంటే చాలు, పేషెంట్లు గురి చూసినట్టు వచ్చేవాళ్ళు. ఇప్పుడు పార్కు దగ్గరికొచ్చి, మొదట కనబడిన ఆకాశహర్మ్యంలో దూరుతున్నారు. అది చెప్పులు కుట్టే షెడ్డు. పెద్దమనుషులు బల్ల మీద కూర్చుని నోరు తెరిచేవాళ్ళు. కుట్టేవాడు మొదట్లో కంగారుపడ్డాడు. తర్వాత తొంగి చూసి, "వెనకది అరిగిందండీ, ఎడంపక్క," అని మర్యాదకి చెప్పి పంపించడం మొదలుపెట్టాడు. పళ్ళ డాక్టరు పళ్ళు కొరుక్కున్నాడు.

అలాంటి రోజుల్లో దిగాడు బావమరిది. ఆ ఇంటికి రావడం వాడికి అదే మొదలు.

స్టేషను బయట టాక్సీ ఎక్కి, కాలు మీద కాలేసుకుని, "ఆకాశహర్మ్యానికి పోనీ," అన్నాడు.

డ్రైవరు అద్దంలోంచి జాలిగా చూశాడు. "ఏ ఆకాశహర్మ్యం సార్? కోళ్ళదా, చెప్పులదా?"

బావమరిది వేళాకోళమనుకున్నాడు. తర్వాత డ్రైవరు ఒక్కొక్కటే చూపించాడు. మధ్యాహ్నమంతా టాక్సీ ఊరు చుట్టింది. బస్టాపు ఆకాశహర్మ్యం. సైకిలు స్టాండు ఆకాశహర్మ్యం. చెరుకురసం బండి ఆకాశహర్మ్యమా కాదా అన్నది ఇంకా విచారణలో ఉంది, గొడుగుని కప్పు అనొచ్చా అన్న దగ్గర ఆగిందట. పొద్దు వాలుతుండగా, ఎక్కడిదో బాగా తెలిసిన గొంతు వాడి చెవిన పడింది.

"ఆ బెండకాయలు ముదురువి! నాకు కనిపించడం లేదనుకోకు!"

టాక్సీ ఆపించి తల బయటికి పెట్టాడు. పై అంతస్తు బాల్కనీలోంచి అక్క తాడుకి కట్టిన బుట్ట కిందికి వదులుతోంది. కింద కూరగాయల బండివాడు, "మొన్న లేతవిస్తే అవీ ముదురన్నారు కదమ్మా!" అంటూ అందులో కూరలు పోస్తున్నాడు.

"అక్కా!" అని అరిచాడు బావమరిది.

ఆవిడ కిందికి చూసింది. "వచ్చావా! ఎంత చిక్కిపోయావురా! ఉండు, ఆ సంచీ బుట్టలో పెట్టు, మోసుకు రాకు."

బావమరిది కదల్లేదు. సంచీ భుజానే ఉంది. తలెత్తి అలాగే చూస్తున్నాడు. ఏమైందోనని ఆవిడ గాభరాపడి కిందికి పరిగెత్తింది. దగ్గరికొచ్చి చూస్తే వాడి కళ్ళలో నీళ్ళు.

"చిక్కిపోయానని అంత పైనుంచి కనబడిందా అక్కా?"

"ఎంత పైనుంచిరా? ఇక్కణ్ణించేగా."

"మొన్న మా ఆవిడ కింద నిలబడి గంటసేపు చెయ్యూపిందట. నేను పైనుంచి చూస్తూ, ఎవరో పిచ్చావిడ పాపం అనుకున్నా."

ఆ రాత్రి భోజనాల దగ్గర కళ్ళజోళ్ళాయన దిగులుగా ఉన్నాడు. యుద్ధానికి తయారైన మనిషి. ఎదుటివాడు అస్త్రసన్యాసం చేసి కూర్చుంటే ఏం బాగుంటుంది? "అంతస్తులు లెక్కపెడతానన్నావుగా," అని రెచ్చగొట్టాడు.

"ఎందుకు బావా, బాగుంది మీ ఇల్లు."

"బాగుండటం కాదు. ఎన్నో చెప్పు!"

"నువ్వెన్నంటే అన్ని."

కళ్ళజోళ్ళాయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. భార్య, "వడ్డించిన అన్నం మీద అలిగితే ఎవరికి నష్టం?" అని గదమాయించి మళ్ళీ కూర్చోబెట్టింది.

నిజమైన ఆకాశహర్మ్యంలో ఉండే మనిషి ఊళ్ళోకొచ్చాడన్న వార్త పళ్ళ డాక్టరుకి తెలిసింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, సాక్ష్యం చెప్పాలంటూ బావమరిదిని వెంటబెట్టుకుని పేర్ల ఆఫీసరు దగ్గరికి బయల్దేరాడు. వెనకాల కళ్ళజోళ్ళాయనా, ఆయన వెనకాల సగం వీధీ నడిచింది. సంగీతం మాస్టారు కిటికీ సందులోంచి, "జాగ్రత్త నాయనా, పడతారు," అని అందరినీ దీవించాడు.

"చెప్పండి," అన్నాడు డాక్టరు, బావమరిదిని ముందుకు తోస్తూ. "అసలు సిసలు ఆకాశహర్మ్యం అంటే ఎలా ఉంటుందో ఈయనకి చెప్పండి. కోళ్ళ గూడులా ఉంటుందా?"

బావమరిది ఆలోచించాడు. "ఎలా ఉంటుందో లిఫ్టు చెడిపోయిన రోజు తెలిసిందండీ. ఏదో కొందామని మెట్ల మీదుగా దిగడం మొదలుపెట్టా. పన్నెండో అంతస్తుకొచ్చేసరికి ఏం కొనడానికి దిగుతున్నానో మర్చిపోయా. పైకి పోవడానికి ఓపిక లేదు, కిందికి పోవడానికి కారణం లేదు. అక్కడే కూలబడితే ఒక ముసలాయన తలుపు తీసి మంచినీళ్ళిచ్చాడు. ఆ బిల్డింగు మొత్తంలో నాకు తెలిసిన మనిషి ఆయనొక్కడే."

డాక్టరుకి ఈ సాక్ష్యం నచ్చలేదు. "అది సరేనండీ. ఆకాశాన్ని అంటుతుందా లేదా?"

"నాకెలా తెలుస్తుందండీ? మా పైన ఇంకో పదంతస్తులున్నాయి. వాళ్ళనడగాలి."

కళ్ళజోళ్ళాయన జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "ఏమిటీ? నీ నెత్తి మీద ఇంకో పదంతస్తులున్నాయా? ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు బావా."

కళ్ళజోళ్ళాయన మొహం వెలిగిపోయింది. "సార్, నా నెత్తి మీద ఎవరూ లేరు," అన్నాడు ఆఫీసరుతో. "నీళ్ళ ట్యాంకు ఒక్కటే. ఈ ముక్క కాస్త రాసుకోండి." ఆ తర్వాత బావమరిది భుజం మీద చెయ్యేసి, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి, "కూర్చోరా, నిలబడ్డావేం," అన్నాడు.

పేర్ల ఆఫీసరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆయన నిజాయితీ ఆయన్ని నంజుకు తింటోంది. ఆకాశం నేలకి వేలెడెత్తున మొదలవుతుందని తనే తేల్చాడు. అది తప్పని చెప్పలేడు, మళ్ళీ ఒకసారి వంగి చూసుకున్నాడు కూడా. కోళ్ళ గూడు ఎంత ఆకాశంలో ఉందో ఏడంతస్తులూ అంతే ఆకాశంలో ఉన్నాయి. చివరికి కలం తీశాడు.

"ఆకాశం అందరిదీ," అన్నాడు. "అందరిదీ అయినదాన్ని ఎవరూ తమ గుమ్మానికి రాసుకోకూడదు. ఆకాశాన్ని తుడిచెయ్యండి."

"మరి హర్మ్యం?" అన్నాడు డాక్టరు.

"హర్మ్యం మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. అది ఉంటుంది."

పెయింటరు మళ్ళీ బయల్దేరి ఊరంతా ఆకాశం తుడిచాడు. మూడక్షరాలే కనక తొందరగానే అయింది. ఎర్ర దీపాలు దించేశారు. కోళ్ళు వేళకి పడుకున్నాయి. సంగీతం మాస్టారు ఒకరోజు కళ్ళు తెరిచి మెట్లు దిగి, కిందికొచ్చాక వెనక్కి తిరిగి చూసి, "ఇంతేనా!" అన్నాడు. టీ బంకు, సైకిలు స్టాండు యజమానులు ఆ మిగిలిన సగం మాట ఎవరికీ అర్థం కావడం లేదని దాన్నీ గీకేసుకున్నారు. పళ్ళ డాక్టరు ఫోన్లో "పొడుగు బిల్డింగు" అనడం మొదలుపెట్టాడు. ఎవరూ దారి తప్పలేదు.

కళ్ళజోళ్ళాయన మాత్రం గీకనివ్వలేదు. బావమరిది నాలుగు రోజులుంటానని వచ్చి, ఇంకో నాలుగు రోజులు, మరో నాలుగు రోజులు అంటూ ఉండిపోయాడు. పొద్దున్నే బాల్కనీలో బుట్ట దగ్గర అక్కాతమ్ముళ్ళకి తగువు. "నిన్న నువ్వే దించావు, ఇవాళ నా వంతు," అని వాడు. "తాడు అలా వదిలితే టమాటాలు చితుకుతాయిరా," అని ఆవిడ. పై నుంచి వాడు బండివాడితో బేరమాడుతుంటే వీధి చివరిదాకా వినిపించేది. అంత గొంతు తనకుందని వాడికీ తెలియదట.

'హర్మ్యం' అన్న బోర్డు చూసి కొత్తవాళ్ళు కొందరు అది ఎవరో డాక్టరు పేరనుకున్నారు, కొందరు ఏదో మందనుకున్నారు. ఒక మధ్యాహ్నం ఎవరో పెద్దావిడ ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కొచ్చి తలుపు తట్టింది. నడుం మీద చెయ్యేసుకుని, "అమ్మా, హర్మ్యం ఉందా?" అని అడిగింది.

కళ్ళజోళ్ళాయన భార్య ఆవిడ మొహం చూసింది. గుమ్మంలోనే కుర్చీ వేసింది. లోపలికి తిరిగి, "ఏరా, మంచినీళ్ళు పట్టుకురా," అని తమ్ముణ్ణి కేకేసి, "ఉందండీ," అంది. "ముందు కాసేపు కూర్చోండి."